విశాఖలో పిల్లల్ని బ్రిటిష్ సిలబస్ పాఠశాలలో ఎలా చేర్చాలి

బడి పేరులో ‘ఇంటర్నేషనల్’ అని ఉన్నంత మాత్రాన అక్కడ బ్రిటిష్ సిలబస్ చెబుతారని కాదు. అలాంటి పేరున్న బడుల్లో చాలావాటిలో చెప్పేది సీబీఎస్ఈనే. అందులో తప్పేమీ లేదు. అయితే దుబాయ్ నుంచో లండన్ నుంచో తిరిగొచ్చిన కుటుంబానికి కావలసింది ఒకటి, అచ్యుతాపురంలో బ్రాండిక్స్ లాంటి విదేశీ సంస్థలో కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోయే కుటుంబానికి కావలసింది మరొకటి. ఎంవీపీ కాలనీలోనే స్థిరపడి, పిల్లల్ని బట్టీ చదువుకు దూరంగా పెంచాలనుకునే తల్లిదండ్రుల అవసరం ఇంకొకటి. ముగ్గురి చేతికీ బడి ఇచ్చే బ్రోచర్ మాత్రం ఒకటే. అందుకే ఎవరి లెక్క వాళ్లు ముందే వేసుకోవాలి.

నేను చెప్పేదానికంతటికీ మూలం ఒక్కటే. బడిని చిన్న తరగతుల వైపు నుంచి కాదు, పెద్ద తరగతుల వైపు నుంచి చూడండి. మూడేళ్ల పాపకు రంగురంగుల గది ఎవరైనా చూపించగలరు. ఆ పాప పదహారో ఏట ఏ పరీక్ష రాస్తుంది, ఏ నెలలో రాస్తుంది, ఫలితం ఎప్పుడు వస్తుంది, ఆ కాగితం పట్టుకుని ఎక్కడ చేరగలదు అన్నవి తడుముకోకుండా చెప్పగలిగిన బడినే నమ్మండి.

1. మీ దారి ఏదో ముందే తేల్చుకోండి

బడులు చూడటానికి బయలుదేరక ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మీకు ఉండే దారులు ప్రధానంగా మూడు. మొదటిది, కొన్నేళ్ల తర్వాత మళ్లీ విదేశానికి వెళ్లడం. అప్పుడు మీకు ముఖ్యం చదువు తెగకుండా సాగడం. రెండోది, పదో తరగతి స్థాయి వరకు ఈ సిలబస్‌లో చదివించి, తర్వాత ఇక్కడే ఇంటర్మీడియట్‌లో చేర్చడం. మూడోది, ఏ లెవెల్స్ (A Levels, ఇందులో మన పన్నెండో తరగతి స్థాయి) వరకు ఇందులోనే ఉంచి, ఆ తర్వాత విదేశీ విశ్వవిద్యాలయానికో మన ఇంజినీరింగ్, వైద్య కళాశాలలకో పంపడం.

రేపు మనసు మారదని కాదు. మారుతుంది. అయినా ఈరోజు ఏది అనుకుంటున్నారో కాగితం మీద ఉంటే అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే తేలతాయి.

2. ‘బ్రిటిష్’ అంటే ఏ బ్రిటిష్ అని అడగండి

ఈ మాట కింద కనీసం రెండు మూడు వేర్వేరు విషయాలు ఉంటాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ జాతీయ పాఠ్యప్రణాళిక ఒకటి. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ అనే పరీక్షల సంస్థ సొంతంగా రూపొందించిన ప్రైమరీ, లోయర్ సెకండరీ పాఠ్యక్రమాలు మరొకటి. ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి స్థాయి పరీక్ష), ఏ లెవెల్ దగ్గరికి వచ్చేసరికి పరీక్ష పెట్టే సంస్థ కేంబ్రిడ్జ్ కావచ్చు, పియర్సన్ ఎడెక్సెల్ కావచ్చు. కింది తరగతుల్లో ఒక పద్ధతి, పైన మరో సంస్థ పరీక్షలు ఉన్న బడులూ ఉంటాయి. అది లోపం కాదు గానీ, మీకు తెలిసి ఉండాలి.

ఆఫీసులో మూడు విషయాలు సూటిగా అడగండి.

మొదటిది పరీక్షా కేంద్రం సంఖ్య (సెంటర్ నంబర్). భారతదేశంలో కేంబ్రిడ్జ్ గుర్తింపు ఉన్న ప్రతి పాఠశాలకూ ‘ఐఎన్’ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో పాఠశాలలను వెతికే సౌకర్యం కూడా ఉంది. విశాఖపట్నం అని కొట్టి మీరే చూసుకోండి.

రెండోది, ఆ గుర్తింపు ఏ స్థాయి వరకు ఉంది అన్నది. ప్రైమరీకి ఉండి ఐజీసీఎస్ఈకి ఇంకా రాకపోతే, ‘వచ్చే ఏడాది వచ్చేస్తుంది’ అన్న మాట మీద పిల్లల భవిష్యత్తు పెట్టవద్దు.

మూడోది రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు. విదేశీ బోర్డు ఉన్నా సరే, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు లేకుండా పాఠశాల నడపకూడదు. ఆ ఉత్తర్వు కాపీ, బడి యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో ప్రతి బడికీ ఉండే సంఖ్య) చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. రేపు టీసీ చెల్లుబాటు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

3. తరగతి లెక్క సరిచూసుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇంగ్లండ్ పద్ధతిలో ఆగస్టు 31 నాటికి 5 ఏళ్లు నిండిన పిల్లలు సెప్టెంబరులో ఇయర్ 1లో చేరతారు. మన దగ్గర ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలన్న లెక్క నడుస్తోంది. అంటే ఇయర్ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మన తరగతి వస్తుంది. ఇయర్ 2 మన ఒకటో తరగతి, ఇయర్ 11 మన పది, ఇయర్ 13 మన పన్నెండు.

ఉదాహరణకు 2020 మే నెలలో పుట్టిన బాబుకు 2026 ఆగస్టు 31 నాటికి 6 ఏళ్లు నిండుతాయి కాబట్టి సెప్టెంబరులో అతను ఇయర్ 2. అదే ఏడాది అక్టోబరులో పుట్టిన పాప అప్పటికి ఇంకా 5 ఏళ్ల పిల్లే, ఆమెది ఇయర్ 1. ఒకే ఏడాది పుట్టిన పెదనాన్న పిల్లలూ బాబాయి పిల్లలూ వేర్వేరు తరగతుల్లో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ‘మన పిల్ల వెనకబడిందా’ అని కంగారు పడతారు. వెనకబడలేదని వాళ్లకు ఈ లెక్క చెప్పండి.

కొన్ని బడులు ఇయర్ అని, మరికొన్ని గ్రేడ్ అని రాస్తాయి. ఐదో తరగతి పూర్తయిన బిడ్డను పొరపాటున ఇయర్ 6లో వేస్తే ఒక ఏడాది చదివిందే మళ్లీ చదవాలి, ఎందుకంటే ఆ బిడ్డ చేరవలసింది ఇయర్ 7. దరఖాస్తులో ఏ మాట వాడారో చూసి, పక్కనే పుట్టిన తేదీ ప్రకారం వయసు రాసి, ఇది మన ఏ తరగతికి సమానమో బడి చేత రాయించుకోండి.

విద్యా సంవత్సరం మొదలయ్యే నెల కూడా అడగాలి. మన రాష్ట్ర బడులు జూన్‌లో తెరుస్తాయి. ఈ తరహా బడుల్లో కొన్ని జూన్‌లో, మరికొన్ని ఆగస్టులో మొదలుపెడతాయి. లండన్ నుంచి జులై చివర వచ్చిన పిల్లలకు ఆగస్టు బడి సులువు. ఇక్కడి బడిలో ఏప్రిల్‌కు తరగతి పూర్తయినవాళ్లు అప్పటిదాకా ఆగాలి.

4. పరీక్ష ఏ నెలలో రాయిస్తారో తెలుసుకోండి

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది అడగరు.

కేంబ్రిడ్జ్ పరీక్షలు ఏడాదికి మూడు విడతలు. మార్చి విడత ఫలితాలు మేలో, జూన్ విడతవి ఆగస్టులో, నవంబరు విడతవి జనవరిలో వస్తాయి. మార్చి విడత ప్రత్యేకంగా భారతదేశంలోని పాఠశాలల కోసం పెట్టినదే. మన కళాశాలల ప్రవేశాలకు ఫలితాలు అందాలన్నదే దాని ఉద్దేశం. అయితే అన్ని సబ్జెక్టులూ మార్చిలో ఉండవు.

ఇప్పుడు మీ దారితో కలిపి చూడండి. ఐజీసీఎస్ఈ తర్వాత పిల్లను ఇంటర్మీడియట్‌లో చేర్చాలనుకుంటే, జూన్ విడత రాసినవారికి ఫలితం చేతికొచ్చేసరికి ఆగస్టు సగం దాటుతుంది. అప్పటికే కళాశాలల్లో పాఠాలు చాలా దూరం వెళ్లిపోతాయి. అదే మార్చిలో రాస్తే ఇబ్బంది లేదు. ఏ లెవెల్ విషయంలో ఇది ఇంకా కీలకం. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్ వేసవిలోనే సాగిపోతుంది, ఆగస్టు ఫలితం దాని కోసం ఆగదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు వెళ్లేవారికి మాత్రం ఆగస్టు ఫలితాలే మామూలు పద్ధతి. వారికి ఏ చిక్కూ లేదు.

నవంబరు విడత గురించి విశాఖ వాళ్లకు వేరే చెప్పాలి. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపానుల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఆ రోజుల్లో కరెంటు, ఫోను, రోడ్డు ఏవీ లేక ఊరు ఎలా ఉందో చూసినవాళ్లు మర్చిపోరు. పరీక్ష రోజున తుపాను హెచ్చరిక వస్తే ఏమి చేస్తారు, జనరేటర్ ఉందా, కేంబ్రిడ్జ్‌కు ఎవరు తెలియజేస్తారు అని పరీక్షల అధికారిని అడగండి. ముందే ఆలోచించి పెట్టుకున్న బడికీ, అప్పటికప్పుడు జవాబు వెతుక్కునే బడికీ తేడా వాళ్లు మాట్లాడే తీరులోనే కనిపిస్తుంది.

5. సబ్జెక్టులు, కాగితం మీద విలువ

ఐజీసీఎస్ఈ ఇయర్ 10, 11 కలిపి రెండేళ్ల కోర్సు. దాని మధ్యలో బడి మార్చవద్దు. బోర్డు మారితే సిలబస్ మారుతుంది, ఒకే బోర్డులో కూడా బడులు ఎంచుకున్న పేపర్లు వేరుగా ఉంటాయి. బదిలీ తప్పనిసరైతే ఇయర్ 10 మొదలుకాక ముందే చేర్చే ప్రయత్నం చేయండి.

విదేశీ బోర్డుల సమానత్వాన్ని మన దేశంలో తేల్చేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. కనీసం 5 సబ్జెక్టుల్లో సి లేదా అంతకన్నా మెరుగైన గ్రేడ్ తెచ్చుకుంటే ఐజీసీఎస్ఈని పదో తరగతితో సమానంగా చూస్తారు. మన ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు ఇంటర్ బోర్డు నుంచి అర్హత పత్రం తీసుకోవాలి.

కేంబ్రిడ్జ్ గణితంలో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయులు ఉంటాయి. కోర్ రాసిన విద్యార్థికి ఎంత బాగా రాసినా సి గ్రేడ్‌కు మించి రాదు. రేపు ఎంపీసీ వైపు వెళ్లే అవకాశం కొంచెమైనా ఉంటే ఎక్స్‌టెండెడ్ రాయించండి. ‘పిల్లవాడికి ఒత్తిడి ఎందుకు’ అని బడి కోర్‌లో పెడితే, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, మార్చుకోవడానికి గడువు ఎప్పుడు అని అడగండి. సైన్స్ కూడా అంతే. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు విడివిడిగా చెబుతారా, కలిపి చెబుతారా అన్నది ఇయర్ 9లోనే తేలిపోతుంది.

ఏ లెవెల్‌లో సాధారణంగా మూడు సబ్జెక్టులే చదువుతారు. మన దేశంలో చదవాలనుకునేవారికి చిక్కు అక్కడే. ఐఐటీ ప్రవేశానికి పన్నెండో తరగతి స్థాయిలో 5 సబ్జెక్టుల మార్కులు చూస్తారు: భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు, ఒక భాష, ఇంకొక సబ్జెక్టు. జనరల్ విభాగంలో 75 శాతమో, తమ బోర్డులో పై 20 పర్సంటైలో ఉండాలి. నీట్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు తప్పనిసరి. కాబట్టి మూడు ఏ లెవెల్స్‌తో పాటు ఇంగ్లీషు ఏఎస్ స్థాయిలో (ఏ లెవెల్‌లో మొదటి సగం), ఇంకొక సబ్జెక్టు కూడా రాయించే వీలుందా అని ఇయర్ 11లో ఉండగానే మాట్లాడుకోవాలి. గ్రేడ్‌తో పాటు శాతం చూపించే ఫలితాల పత్రం జాగ్రత్తగా దాచండి. శాతం అడిగినప్పుడు అదే పనికొస్తుంది.

ఇంకో రెండు సంగతులు. మన రాష్ట్ర ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో, అంటే పన్నెండో తరగతి స్థాయి పరీక్షతో, ముగిసే వరుస నాలుగేళ్లు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలో చదివితే ఇక్కడ స్థానికులు అవుతారు. గల్ఫ్ నుంచి ఇయర్ 12లో వచ్చి చేరిన బిడ్డకు చదువు లెక్కన ఈ హోదా రాదు. ఇక అమెరికాలో పుట్టి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్న పిల్లల సంగతి. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ తర్వాత కార్డు పొందినవారు నీట్, జేఈఈల ద్వారా ప్రవాస భారతీయుల కోటా సీట్లకో, అదనంగా కేటాయించే సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే అర్హులు. ‘మనవాళ్లే కదా’ అనుకుని పన్నెండో తరగతి దాకా ఆగి తెలుసుకుంటే గుండె పగులుతుంది. ఇప్పుడే తెలుసుకోండి.

6. బడికి వెళ్లినప్పుడు నోటుపుస్తకం అడగండి

ఈత కొలను, ఏసీ గదులు, రోబో ల్యాబ్ అడగకపోయినా చూపిస్తారు. మీరు మాత్రం ఇయర్ 5 పిల్లల సైన్స్ నోటుపుస్తకాలు మూడు నాలుగు చేతికి తీసుకోండి.

ఒక పేజీలో ‘ఉప్పు వేడినీటిలో త్వరగా కరుగుతుందా, చన్నీటిలోనా’ అన్న ప్రశ్న ఉందనుకుందాం. దాని కింద పిల్లవాడి ఊహ, తను కొలిచిన సెకన్ల పట్టిక, ఒక కొలత మిగతావాటికి పొసగకపోతే ఎందుకు పొసగలేదో రెండు వాక్యాలు ఉండాలి. అంచున టీచర్ రాసిన ప్రశ్న, దానికి పిల్లవాడు వేరే రంగు పెన్నుతో ఇచ్చిన జవాబు ఉండాలి. అక్షరదోషాలు ఉన్నా ఫరవాలేదు. తర్వాత రెండో పుస్తకం తెరవండి. అందులో వేరే పిల్ల వేరే మాటల్లో రాసి ఉంటే అక్కడ చదువు జరుగుతోంది. నాలుగు పుస్తకాల్లోనూ అవే వాక్యాలు, అదే బొమ్మ, ప్రతి పేజీ చివర ఒకే టిక్కు కనిపిస్తే బోర్డు మీద రాసింది దించుకున్నారని అర్థం. అంత ఫీజు కట్టేది దించుకోవడం నేర్పించడానికి కాదు.

టీచర్లు ఎంతకాలంగా ఉంటున్నారో అడగండి. ఏటా సగం మంది మారిపోయే బడిలో సిలబస్ ఎంత గొప్పదైనా పిల్లలకు అందదు. విదేశీ ప్రిన్సిపాల్ ఉండటం కన్నా, ఐదారేళ్లుగా అక్కడే పాఠం చెబుతున్న గణితం టీచర్ ఉండటం నాకు ఎక్కువ భరోసా ఇస్తుంది. ఇంగ్లీషు అంతగా రాని పిల్లలకు విడిగా సహాయం ఉందా? తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలకూ, కొరియా, రష్యా నుంచి వచ్చే పిల్లలకూ ఇది సమానంగా అవసరం. పిల్లల రక్షణ బాధ్యత ఎవరిదో వారి పేరు, ఫోటో పిల్లలకు కనబడే చోట గోడ మీద ఉండాలి. పోక్సో చట్టం 2012 ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ విషయం ఆయాకు, డ్రైవరుకు కూడా చెప్పారా అని అడగండి.

తెలుగు గురించి అడగడం మర్చిపోవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. ఐజీసీఎస్ఈలో హిందీ రాయవచ్చు. తెలుగు మాత్రం బడి పట్టుదలతో పెడితేనే ఉంటుంది. వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ తరగతి దాకా, చదవడం రాయడం నేర్పిస్తారా, మాట్లాడిస్తారంతేనా అని అడగండి. సింహాచలం మెట్ల దగ్గర బోర్డు చదవలేని, అమ్మమ్మ రాసిన నాలుగు ముక్కలు చదవలేని పిల్లలు తమ ఊళ్లోనే పరాయివాళ్లవుతారు. విదేశీ కుటుంబాల పిల్లలకు కూడా ఇక్కడున్న రెండేళ్లలో ఆటోవాడితో, పక్కింటివారితో మాట్లాడే తెలుగు వస్తే ఈ ఊరు వాళ్లదవుతుంది.

7. దారి చూడండి

పిల్లల్ని హాస్టల్లో ఉంచకపోతే రోజూ వెళ్లి రావాలి. ఇలాంటి బడులకు కావలసిన విశాలమైన స్థలాలు ఎక్కువగా రుషికొండ, మధురవాడ, భీమిలి వైపు దొరుకుతాయి. స్టీల్‌ప్లాంట్, ఫార్మాసిటీ, అచ్యుతాపురం ఉద్యోగాలు ఊరికి ఆ చివర. గాజువాక నుంచి రుషికొండకు పాతిక కిలోమీటర్ల పైమాటే. బస్సు మీ వీధికి వచ్చే సమయం అడిగి, బడి ఉన్న ఒక సోమవారం సరిగ్గా ఆ సమయానికి మీ బండిలో బయలుదేరి చూడండి. ఎన్ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక దాటేసరికి అసలు లెక్క తెలుస్తుంది. ఐదేళ్ల పిల్లకు ఒక వైపు గంట దాటితే ఇల్లు మారడమో, బడి మారడమో ఆలోచించాలి. ఆయా ఉంటుందా, చివరి పిల్ల దిగేదాకా ఉంటుందా అన్నది కూడా అడగండి.

8. డబ్బు

ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి లెక్క వేయవద్దు. ప్రవేశ రుసుము, డిపాజిట్, బస్సు, భోజనం, యూనిఫాం, పుస్తకాలు, ల్యాప్‌టాప్, విహారయాత్రలు ఉంటాయి. ఐజీసీఎస్ఈ నుంచి ప్రతి సబ్జెక్టుకూ విడిగా పరీక్ష రుసుము ఉంటుంది. అన్నీ కలిపి ఏడాదికి ఎంతో, గత మూడేళ్లలో ఎంత పెరిగిందో రాతపూర్వకంగా అడగండి. డిపాజిట్ తిరిగి ఇచ్చే షరతులు, బడి మానేసేటప్పుడు ఎన్ని నెలల ముందు చెప్పాలో సంతకం పెట్టక ముందే చదవండి. సాధారణంగా ఒక టర్మ్ ముందు నోటీసు అడుగుతారు. బదిలీ ఉద్యోగమైతే ఫీజు సంస్థ కడుతుందా, మీరు కట్టి తర్వాత తీసుకోవాలా తేల్చుకోండి.

9. కాగితాలు

పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ లేదా పాస్‌పోర్టు, గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, టీకాల కార్డు, టీసీ. అన్నిటిలోనూ పేరు ఒకే తీరున ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, మరో చోట పొడి అక్షరంగా ఉండటం మనకు మామూలే గానీ, పరీక్షకు నమోదయ్యే పేరే సర్టిఫికెట్ మీద పడుతుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించడం మంచిది.

గల్ఫ్ నుంచి వచ్చేవారు టీసీని అక్కడి విద్యాశాఖ ధ్రువీకరణతోనే తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చాక ఆ పని రెట్టింపు అవుతుంది. విదేశీ పౌరుల పిల్లలైతే వీసా వివరాలు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) పోర్టల్‌లో సరిగా ఉండాలి. విదేశీ విద్యార్థిని చేర్చుకున్నట్టు అధికారులకు తెలపడం బడి బాధ్యత కూడా. ఆ పని చేశారా అని ఒకసారి గుర్తుచేయండి. ప్రతి ఏడాది చివర స్టడీ సర్టిఫికెట్ తీసుకుని ఫైలులో పెట్టుకుంటే స్థానికత నిరూపించుకోవలసి వచ్చినప్పుడు పరుగులు ఉండవు.

10. ప్రవేశ పరీక్ష, మొదటి టర్మ్

ఇంగ్లీషు, గణితంలో చిన్న పరీక్ష పెడతారు. కొన్ని చోట్ల తార్కిక శక్తిని చూసే క్యాట్4 లాంటి పరీక్ష ఉంటుంది. దీనికి కోచింగ్ ఇప్పించవద్దు. బిడ్డ ఎక్కడ ఉందో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. బట్టీ పట్టించి రాయిస్తే, తనకు అందని గుంపులో కూర్చోబెడతారు, తర్వాత కష్టపడేది బిడ్డే. ఫలితం వచ్చాక టీచరుతో కూర్చుని మార్కులు కాదు, ఎక్కడ తడబడిందో అడగండి.

మన బడుల నుంచి వెళ్లిన పిల్లలు మొదటి నెలల్లో మౌనంగా ఉంటారు. పాఠం రాకపోవడం వల్ల కాదు. ‘నీకేమనిపిస్తోంది’ అని టీచర్ అడగడం వాళ్లకు కొత్త. సాయంత్రం ‘ఈరోజు ఏమి చెప్పారు’ అని కాకుండా ‘ఈరోజు నువ్వు ఏమి అడిగావు’ అని అడగండి. హోంవర్కు తక్కువని విడిగా ట్యూషన్ పెట్టించకండి. సాయంత్రం రెండు గంటల ట్యూషన్‌లో మళ్లీ దించుకోవడమే అలవాటైతే పగలు నేర్చుకున్నది నిలవదు. మొదటి టర్మ్ మధ్యలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి అమ్మానాన్నలిద్దరూ వెళ్లండి. వెళ్లేటప్పుడు బిడ్డ నోటుపుస్తకాలు ముందు రోజు రాత్రే తిరగేసి, టీచర్ అంచున రాసిన ప్రశ్నల్లో జవాబు లేకుండా మిగిలినవి గుర్తు పెట్టుకోండి. మాట అక్కడి నుంచి మొదలుపెట్టండి.